కంప్యూటరు విద్యయందు స్వేచ్ఛయు, భద్రతయు

నేడు మన జహీరాబాదు పట్టణమందును, చుట్టుపట్ల గ్రామములందును సెల్‌ఫోను లేని యిల్లు అరుదు. బజారులో కూరగాయలమ్మువారు సైతము నలుపు తెలుపు గడుల చీటిని తక్కెడ ప్రక్కన నిలిపి సొమ్ము పుచ్చుకొనుచున్నారు. బ్యాంకు పని, రైలు టిక్కెట్టు, పరీక్షా ఫలితము, రేషను కార్డు అన్నియు కంప్యూటరు మూలముననే జరుగుచున్నవి. ఈ యంత్రమును వాడుటెట్లో మనము పిల్లలకు నేర్పవలసిన పని లేదు. వారే మనకు నేర్పుచున్నారు. కాని వాడుట వేఱు, దాని మర్మమును తెలిసికొనుట వేఱు. బండి యెక్కి ఊరు చేరినవారందఱును బండి చక్రమును చేయనేర్చినవారు కారు గదా!

ప్రతి తరగతిలోను వాడుటతో తృప్తి చెందని బాలుడో బాలికయో ఒకరిద్దఱు తప్పక యుందురు. ఈ తెరమీది బొమ్మ యెట్లు వచ్చినది, ఈ సందేశము ఏ దారిని పోయినది, ఈ పాస్‌వర్డును యంత్రము ఎక్కడ దాచినది, అని వారు అడుగుచుందురు. అడిగి ఊరకుండక, పాత కంప్యూటరు దొరికిన విప్పి చూతురు. ఇట్టి పిల్లలను గుఱించి పెద్దలకు రెండు భయములు కలవు. కాలము వ్యర్థపుచ్చి చదువు చెడగొట్టుకొందురేమో యనునది మొదటిది. 'హ్యాకింగు' అను చెడుపనికి దిగి పోలీసుల చేతిలో పడుదురేమో యనునది రెండవది. ఈ భయములు నిష్కారణములని నేననను. అయినను నా అభిప్రాయమేమనగా, ఆ కుతూహలమును అణచివేయుట ఎంత తప్పో, దారి చూపక విడిచివేయుటయు అంత తప్పే. దానికి ఒక న్యాయమైన పొలము కావలయును. అట్టి పొలము లోకమున కలదు. దానినే ఓపెన్ సోర్సు సాఫ్టువేరు అందురు. భద్రతా విద్యను నేర్వగోరు పిల్లలకు ఆ పొలమే తగిన మొదటి బడి యని నిరూపించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

ముందుగా ఓపెన్ సోర్సు అననేమో తెలిసికొందము. కంప్యూటరు తనంతట తాను ఏమియు చేయదు. మనుష్యులు వ్రాసిన ఆజ్ఞల వరుసను అది నడిపించును. ఆ వరుసయే సాఫ్టువేరు. మనుష్యులు చదువదగిన రూపమున నున్న ఆ వ్రాతకు మూలపాఠము, అనగా సోర్సు, అని పేరు. అనేక కంపెనీలు మూలపాఠమును దాచి, యంత్రమునకు మాత్రమే అర్థమగు రూపమును అమ్ముచుండును. ఓపెన్ సోర్సు వారు అట్లు గాక, మూలపాఠమును లోకమునకెల్ల తెఱచి పెట్టి, 'దీనిని చదువుడు, వాడుడు, మార్చుడు, ఇతరులకును పంచుడు' అని వ్రాతపూర్వకముగా అనుమతి నిత్తురు.

ఇది మన ప్రాంతమువారికి క్రొత్త మాట కాదు. మన పస్తాపూరున డెక్కన్ డెవలప్‌మెంటు సొసైటీ వారి సంఘముల స్త్రీలు 1983 తరువాతి దశాబ్దములలో చేసిన పనిని చదువరులు ఎఱుగుదురు. జొన్న, కొఱ్ఱ, సామ, కంది మొదలగు పాత పంటల విత్తనములను బూడిదతోను వేపాకుతోను కలిపి బుట్టలలో భద్రపఱచి, కావలసిన వారికిచ్చి, పంట వచ్చిన పిమ్మట ఇచ్చినదానికంటె ఎక్కువ కొలిచి తీసికొని, మఱల వేఱొకరికి ఇచ్చుట వారి పద్ధతి. విత్తనము ఎవరి సొంతమును గాదు, అందఱిదియును. పంచినకొలది అది పెరుగునే గాని తరుగదు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ వారు ఈ సంఘములకు ఈక్వేటరు బహుమతి నిచ్చి గౌరవించిరి. ఆ పేద స్త్రీలు విత్తనము విషయమున పాటించిన న్యాయమునే ఓపెన్ సోర్సు వారు మూలపాఠము విషయమున పాటించుచున్నారు.

ఈ ఉద్యమమునకు బీజము వేసినవాడు అమెరికా దేశీయుడగు రిచర్డు స్టాల్‌మన్. ఆయన 1983లో 'గ్నూ' అను పేర అందఱికిని స్వేచ్ఛగా దొరకు సాఫ్టువేరును నిర్మింతునని ప్రకటించెను. 1989లో జి.పి.ఎల్. అను అనుమతి పత్రము వెలువడెను. తీసికొన్నవాడు తాను మార్చి పంచినప్పుడు ఆ మూలపాఠమును కూడ తెఱచియే యుంచవలయునని దాని సారాంశము. 1991లో ఫిన్లండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయపు విద్యార్థి, ఇరువదియొక్క యేండ్లవాడు, లైనస్ టోర్వాల్డ్స్, తాను సరదాకు వ్రాయుచున్న చిన్న రచనను లోకము ముందుంచెను. అదియే లైనక్సు. నేడు ఆండ్రాయిడు సెల్‌ఫోనుల లోపల నడుచునది లైనక్సే. లోకములోని మిక్కిలి శక్తిగల అయిదువందల కంప్యూటర్ల పట్టికలో 2017 నవంబరు మొదలు ప్రతియొక్కటియు లైనక్సుతోనే పనిచేయుచున్నది. ఒక విద్యార్థి వేడుకగా మొదలుపెట్టిన పని, వేలమంది చదివి సవరించుటచేత, ఎంతటి వృక్షమైనదో చూడుడు.

మన తెలుగువారు ఇందు వెనుకబడిరని తలంపరాదు. తెలుగు అక్షరము కంప్యూటరు తెరమీద కుదురుగా నిలుచుటకు కారకులలో పెక్కుమంది అభిరుచిచేత పనికి పూనుకొన్నవారే. వెన్న నాగార్జున గారు 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికిరి. పత్రికలు ఒక్కొక్కటి ఒక్కొక్క విధమైన అక్షరరూపమును వాడుచు, ఒకరి వ్రాత మఱొకరి యంత్రమున చదువరాని దినములలో, వాటిని అందఱికిని చెల్లు యూనికోడు రూపమునకు మార్చు 'పద్మ' అను సాఫ్టువేరును వారే వ్రాసి, మూలపాఠమును తెఱచి యుంచిరి. కెనడావాసులగు తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు పోతన, వేమన అను పేర్లతో తెలుగు అక్షరరూపములను నిర్మించి జి.పి.ఎల్. అనుమతితో విడుదల చేసిరి. లైనక్సు పంచువారు నేటికిని వానిని తమతో చేర్చి పంచుచున్నారు. 2005లో హైదరాబాదు నగరమున 'స్వేచ్ఛ' అను సంస్థవారు తెలుగులో మాటలాడు లైనక్సును వెలువరించి, ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులను గుంపులుగా చేర్చి, ఈ విద్యను ఊరూర వ్యాపింపజేసిరి. ఇంగ్లీషు రాని వారికి కంప్యూటరు తగదను మాటను వీరందఱును మాటలతో గాక చేతలతో ఖండించిరి.

ఇప్పుడు భద్రతా విషయమునకు వత్తము. తెఱచిన మూలపాఠమునకును భద్రతకును సంబంధమేమి యని కొందఱు అడుగవచ్చును. మన అక్షరమే ఇందులకు సాక్ష్యము చెప్పగలదు. 2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగెను. ఆపిల్ కంపెనీవారి ఐఫోనులకు తెలుగు అక్షరమొకటి చేరినంతనే, ఆ సందేశమును చూపవలసిన సాఫ్టువేరు కుప్పకూలుచుండెను. ఆ అక్షరము మఱేదియు కాదు. జ్ఞానము అను మాటకు మొదటనుండు 'జ్ఞా'. ఆ వత్తునకును దీర్ఘమునకును నడుమ కంటికి కనబడని గుర్తొకటి చేరిన కూర్పును ఎట్లు చిత్రింపవలయునో ఆ సాఫ్టువేరునకు తెలియకపోయెను. కొందఱు కొంటెవారు దానినే ఆయుధముగా చేసికొని ఇతరుల ఫోనులకు పంపిరి. ఆపిల్ వారు ఆ నెల 19వ తేదీన సవరణ విడుదల చేసిరి. ఈలోగా మనీష్ గోరేగావ్‌కర్ అను ఇంజనీరు ఏయే అక్షరముల కలయికతో ఈ లోపము బయటపడునో ఓపికతో పరీక్షించి, వంగలిపి, నాగరలిపులలోని కొన్ని కూర్పులకును ఇదే గతి పట్టుచున్నదని ప్రకటించెను. అయితే మూలపాఠము మూయబడియున్నందున ఆయన వెలుపలనుండి తట్టి చూచి ఊహింపవలసినవాడే గాని, లోపలికి పోయి చూడగలిగినవాడు కాడు. అదే ఆండ్రాయిడు ఫోనులందు భారతీయ లిపులను కూర్చు 'హార్ఫ్‌బజ్' అను సాఫ్టువేరునకు మూలపాఠము తెఱచియే యున్నది. అందు మన అక్షరమునకు కీడు కలిగినచో, తెలుగు తెలిసిన యే విద్యార్థియైనను దానిని చదివి, తప్పును చూపి, దిద్దుబాటును పంపవచ్చును. జ్ఞకారమును గుఱించి అమెరికావారికంటె మనకు ఎక్కువ తెలియును గదా!

సాఫ్టువేరు లోపము భద్రతాలోపముగా ఎట్లు మాఱునో దీనినిబట్టి కొంత తెలిసినది. ఇక నెట్‌వర్కు సంగతి. ఒక కంప్యూటరును మఱొకదానితో కలుపు దారుల సముదాయమే నెట్‌వర్కు. మన పట్టణము మీదుగా పోవు ముంబయి రహదారిని తలంచుకొనుడు. సందేశమంతయు ఒక్క బండిలో పోదు. చిన్న చిన్న మూటలై, ఒక్కొక్క మూట పైని చిరునామాతో, దారి దొరికినట్లు పోయి, గమ్యమున మఱల కూడుకొనును. ప్రతి కంప్యూటరునకును 65,535 ద్వారములుండును. బస్సు స్టాండులో ఈ ఊరి బస్సు ఈ సంఖ్యగల చోటనే నిలుచునన్నట్లు, ఈ పనికి ఈ ద్వారమని ఏర్పాటు కలదు. తాళము వేసిన వెబ్‌సైటులకు 443వ ద్వారము, దూరమునుండి కంప్యూటరును నడుపువారికి 22వ ద్వారము. అక్కఱలేని ద్వారము తెఱచియుండిన దొంగకు దారి. కాపలావాడు చేయవలసిన మొదటి పని, తన యింటి ద్వారములలో ఏవి తెఱచియున్నవో తాను ముందు లెక్కించుట. ఇందులకై 1997లో వెలువడిన 'ఎన్‌మ్యాప్', మూటలను విప్పి పరిశీలించుటకై 1998లో మొదలైన 'వైర్‌షార్క్' అను పనిముట్లు నేటికిని ఈ వృత్తివారి చేతులలో నున్నవి. రెండును మూలపాఠము తెఱచియున్నవే. పెద్ద జీతగాడు వాడు పనిముట్టునే పదునాలుగేండ్ల బాలుడు రూపాయి వ్యయము లేక తన యింట వాడవచ్చుననుట ఈ విద్యయందలి విశేషము.

కాపలా లేనిచో ఏమగునో 2017 మే 12వ తేదీన లోకమంతయు చూచినది. 'వన్నాక్రై' అను దుష్ట సాఫ్టువేరు ఒక కంప్యూటరునుండి మఱొకదానికి తనంతట తానే పాకుచు, లోని దస్తావేజులకు తాళము వేసి, తాళపుచెవికై సొమ్ము అడిగెను. ఇంగ్లండు దేశపు ఆసుపత్రులు స్తంభించెను. మన పొరుగు రాష్ట్రమగు ఆంధ్రప్రదేశమున కొన్ని జిల్లాల పోలీసు కార్యాలయముల కంప్యూటర్లును దీని వాతబడెను. విచారకరమైన సంగతి యేమనగా, ఆ లోపమునకు మందును మైక్రోసాఫ్టు కంపెనీవారు రెండు నెలలకు ముందే, మార్చి 14వ తేదీననే, విడుదల చేసియుండిరి. మందు ఇంట నుండియు వేసికొననందుననే రోగము పెరిగెను.

దానిని నిలిపినవాడు ఇంగ్లండునందు సముద్రతీరపు చిన్న ఊరిలో పెరిగి, ఈ విద్యను చాలవఱకు స్వయముగా నేర్చిన ఇరువదిరెండేండ్ల మార్కస్ హచిన్స్. ఆ దుష్ట సాఫ్టువేరు ఒక వింత పేరుగల వెబ్‌సైటు కొఱకు వెదకుచున్నదని కనిపెట్టి, ఆ పేరును తానే కొని నమోదు చేయగా, వ్యాప్తి నిలిచిపోయెను. లోకము ఆతనిని వీరుడని కొనియాడెను. కాని మూడు నెలలు గడువకముందే అమెరికా పోలీసులు ఆతనిని నిర్బంధించిరి. చిన్నతనమున ఆతడు బ్యాంకు సొమ్ము దొంగిలించు దుష్ట సాఫ్టువేరును వ్రాసి ఇతరులకిచ్చిన సంగతి బయటపడెను. 2019లో ఆతడు నేరము నొప్పుకొనెను. న్యాయాధిపతి ఆతని పిదప నడతను గణించి, అనుభవించిన నిర్బంధము చాలునని, ఒక యేడు పర్యవేక్షణతో విడిచిపెట్టెను. బాలురారా, ఈ కథను రెండు మాఱులు చదువుడు. ఒకే తెలివి, ఒకే చేతివేళ్లు. ఒకనాడు దొంగకు నిచ్చెన వేసెను, మఱొకనాడు ఆసుపత్రులను కాపాడెను. ఆ నిచ్చెన వేసినప్పుడు ఆతని చెంత 'ఇటు రమ్ము' అని మంచి దారిని చూపిన పెద్దవారు లేకపోవుట శోచనీయము.

మూసిన గ్రంథమును పరీక్షింపబోయిన సదుద్దేశ్యపరులు సైతము చిక్కులలో పడుటకు మన హైదరాబాదే దృష్టాంతము. ఆ నగరపు ఇంజనీరగు వేమూరు హరికృష్ణప్రసాదు గారు 2010లో మిషిగన్ విశ్వవిద్యాలయపు అలెక్స్ హాల్డర్‌మన్, హాలండు దేశపు రాప్ గాంగ్రీప్ మొదలగు వారితో కలిసి ఒక వోటింగు యంత్రమును పరీక్షించి, దానిని చేజిక్కించుకొన్నవారు ఫలితమును మార్చుటకు వీలున్నదని ప్రకటించిరి. తమ కాపుదల కట్టుబాట్ల మూలమున యంత్రములు భద్రములేయని ఎన్నికల సంఘమువారు బదులు చెప్పిరి. ఆ యంత్రము ముంబయి నగరపు గిడ్డంగినుండి పోయినదను ఫిర్యాదుపై ఆ యేడు ఆగస్టులో హరిప్రసాదు గారిని పోలీసులు నిర్బంధించిరి. కొన్ని దినములకు బెయిలు లభించెను. తమకు దానిని ఇచ్చినవారి పేరు చెప్పుటకు వారు ఒప్పుకొనలేదు. ఆ యేటనే అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషను వారు ఆయనకు పురస్కారమిచ్చిరి. వోటరు తన వోటును కాగితముపై చూచుకొను ఏర్పాటును క్రమక్రమముగా అమలుపఱుపవలయునని 2013లో సుప్రీముకోర్టు ఆదేశించెను. ఈ వివాదమున ఎవరి పక్షము న్యాయమో తీర్పు చెప్పుట నా పని కాదు. నేను చూపదలచినది వేఱు. పరీక్షింపవలసిన వస్తువు మూయబడి యున్నచో, పరీక్షకుడు దానిని ఎట్లు సంపాదించెనను ప్రశ్నయే పెద్దదై, వస్తువులోని మంచిచెడ్డల ప్రశ్న చిన్నదగును. గ్రంథము తెఱచియున్నచో మొదటి ప్రశ్నయే పుట్టదు. చదువుటకు అనుమతి ముందే యియ్యబడినది.

ఈ సత్యమును మన ప్రభుత్వమును కొంత గ్రహించినది. కేంద్ర ప్రభుత్వమువారు 2015లో తమ కార్యాలయములందు ఓపెన్ సోర్సు సాఫ్టువేరునకు ప్రాధాన్యమియ్యవలయునని విధానము ప్రకటించిరి. కొరోనా కాలమున కోట్లమంది ఫోనులందు చేరిన 'ఆరోగ్యసేతు' మూలపాఠమును, ప్రజలలో సందేహములు వినవచ్చిన పిమ్మట, 2020 మే నెలలో తెఱచి, అందలి లోపములు చూపినవారికి బహుమతులిత్తుమని చాటిరి. లోపము చూపినవానిని దొంగయని పట్టుకొనుటకును, బహుమతి యిచ్చుటకును ఎంత దూరమో ఆలోచింపుడు.

ఇచ్చట ఒక ఆక్షేపణ కలదు. 'అయ్యా, ఇంటి పటమును వీధిలో అంటించినచో దొంగకును తెలియును గదా. మూలపాఠమును తెఱచుట అట్టిదే గదా' యని. ఇది త్రోసివేయదగిన మాట కాదు. దీనికి 1883లోనే ఆగస్ట్ కెర్కాఫ్స్ అను పండితుడు సమాధానము చెప్పెను. తాళము ఎట్లు చేయబడినదో శత్రువునకు తెలిసినను, తాళపుచెవి మాత్రము దొరకనంతవఱకు తెఱవరానిదే మంచి తాళము. తన నిర్మాణము దాగియున్నంతవఱకే నిలుచు తాళము, కమ్మరి మాట జాఱిన దినమున విఱుగును.

అయినను తెఱచి పెట్టుటతోనే సర్వము భద్రమగునని చెప్పువారు పిల్లలను మోసగించినవారగుదురు. లోకమందలి వెబ్‌సైటులలో పెక్కింటికి తాళము వేయు 'ఓపెన్ ఎస్.ఎస్.ఎల్.' అను సాఫ్టువేరునందు 'హార్ట్‌బ్లీడ్' అను లోపము రెండేండ్లకు పైగా తెఱచిన పాఠముననే యుండి, 2014 ఏప్రిలులో గాని బయటపడలేదు. కారణమేమి? వాడువారు కోట్లమంది, చదువువారు వ్రేళ్లమీద లెక్కింపదగినంత మంది. గ్రంథాలయమును తెఱచిన చాలదు. అందు కూర్చుండి చదువువారుండవలయును.

చదువువాడొక్కడున్నచో ఏమగునో 2024 మార్చిలో తెలిసినది. లైనక్సునందు దస్తావేజులను కుదించుటకు వాడు 'ఎక్స్‌జెడ్' అను చిన్న సాఫ్టువేరును ఒక్కడు, లాసె కాలిన్ అనువాడు, ఏండ్ల తరబడి తీరిక వేళల పోషించుచుండెను. సహాయకుని వేషమున ఒకడు చేరి, రెండేండ్లకు పైగా మంచిపని చేసి నమ్మకము సంపాదించి, తుదకు దొంగద్వారమొకటి అందు అమర్చెను. అది వ్యాపించినచో అసంఖ్యాకములగు కంప్యూటర్లలోనికి దొంగలు చొఱబడగలిగియుందురు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు మఱొక పని చేసికొనుచు, తన కంప్యూటరున ప్రవేశించుటకు మునుపటికంటె అరసెకను ఎక్కువ పట్టుచున్నదేమని శంకించెను. అరసెకనే గదా యని ఊరకుండలేదు. కారణమును వెదకి వెదకి, మూలపాఠమును దాని చుట్టునున్న దస్తావేజులను పరిశోధించి, మార్చి 29వ తేదీన లోకమును హెచ్చరించెను. ఒక్కని శ్రద్ధ లోకమునకు గండము తప్పించినది. పాఠము మూయబడియున్నచో ఆయన శంక శంకగానే నిలిచియుండెడిది.

కావున నా అభిప్రాయము ఇది. భద్రత పుట్టునది దాచుటవలన కాదు, ఊరక తెఱచుటవలనను కాదు. తెఱచినదానిని శ్రద్ధతో చదువు కన్నులవలన. అట్టి కన్నులను తయారు చేయుటయే పాఠశాలల పని. మన పిల్లలు చదువరులలో చేరవలయును.

తల్లిదండ్రులకు రెండు మాటలు. ఇందులకు ఖరీదైన యంత్రము అక్కఱలేదు. కార్యాలయములవారు పనికిరాదని పక్కకు పెట్టిన పాత కంప్యూటరుమీద లైనక్సు చక్కగా నడచును. సాఫ్టువేరునకు సొమ్ము చెల్లింపనక్కఱలేదు. దొంగ నకలు తెచ్చుకొనవలసిన అగత్యమును ఉండదు. జీవనోపాధి మాట అడుగుదురేమో. లోకమున కంప్యూటర్లున్నంతకాలము వానికి కాపలావారును కావలయును. ఉద్యోగము వచ్చినను రాకున్నను, ఇంటికి లాభము వెంటనే కలదు. చెఱకు, అల్లము, ఆలుగడ్డ అమ్మిన సొమ్ము బ్యాంకులో పడిన మఱునాడే, 'బ్యాంకునుండి మాటలాడుచున్నాము, మీ ఫోనుకు వచ్చిన సంఖ్య చెప్పుడు' అని మోసగాండ్రు పిలుచుచున్న కాలమిది. ఆ సంఖ్య తన యింటి తాళపుచెవియని తెలిసిన బిడ్డ ఇంటనుండిన, తండ్రి కష్టార్జితము నిలుచును. మోసము జరిగినచో క్షణము జాగు చేయక 1930 అను సంఖ్యకు ఫిర్యాదు చేయవలయునని ఆ బిడ్డయే చెప్పగలదు. ఇక కాలము వ్యర్థమగునను భయము కలవారు, బిడ్డ తెరమీద ఏమి చూచుచున్నాడని మాత్రమే గాక, ఏమి చేయుచున్నాడని కూడ అడుగుదురుగాక. చూచుచు కూర్చుండుట వేఱు, చేయుచు కూర్చుండుట వేఱు.

విద్యార్థులకు మూడు నియమములు. మొదటిది, నీది కాని కంప్యూటరును, నీది కాని నెట్‌వర్కును, యజమాని అనుమతి లేక తాకకుము. పొరుగింటి వైఫై యైనను, పాఠశాల కంప్యూటరైనను, స్నేహితుని ఫోనైనను ఇదే న్యాయము. తలుపు తెఱచియున్నంత మాత్రమున లోనికి పోవుట మర్యాద కాదు గదా. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 43, 66 సెక్షనుల ప్రకారము, అనుమతి లేక దురుద్దేశ్యముతో ఇట్లు చొఱబడువానికి మూడేండ్ల వఱకు చెఱ, అయిదు లక్షల రూపాయల వఱకు జరిమానా పడవచ్చును. రెండవది, లోపము కనబడిన దానిని చాటి గొప్ప చెప్పుకొనకుము, దానితో బెదిరింపకుము. ఆ సాఫ్టువేరు చేసినవారికి గాని, 2004 మొదలు ఈ పనికై కేంద్ర ప్రభుత్వమువారు నడుపుచున్న 'సెర్ట్-ఇన్' అను సంస్థకు గాని తెలిపి, దిద్దుకొనుటకు వ్యవధి నిమ్ము. మూడవది, చిన్నపనితో మొదలుపెట్టుము. తెలుగు అనువాదమున ఒక తప్పుమాటను దిద్దుట, కనబడిన లోపమును స్పష్టముగా వ్రాసి పంపుట, నీ సొంత రెండు కంప్యూటర్లను తీగతో కలిపి మూటలు పోవుటను పరిశీలించుట, ఇవియే మొదటి మెట్లు. నీ దిద్దుబాటును దూరదేశమున నీ వయసెంతో, నీ కులమేమో, నీ యూరేదో ఎఱుగనివారు చదివి, బాగున్న స్వీకరింతురు. బాగులేకున్న కారణము చెప్పి త్రిప్పి పంపుదురు. త్రిప్పి పంపినందులకు చిన్నబుచ్చుకొనవలదు. ఎఱ్ఱసిరాతో దిద్దిన కాంపోజిషను పుస్తకమే మన భాషను బాగుచేసినది.

ఈ విద్యలో బాలికలకు చోటు లేదనువారి మాట వినకుడు. పస్తాపూరు సంఘముల స్త్రీలు 2008 మొదలు మాచునూరున తమ రేడియోను తామే నడుపుచు, మైకును, శబ్దయంత్రములను తమ చేతులతో పట్టినవారు. పొలము పనిచేసిన చేతులకు రేడియో లొంగినప్పుడు, కలము పట్టిన చేతులకు కంప్యూటరు లొంగదా?

తుదకు పాఠశాల పెద్దలకు ఒక మనవి. మన కంప్యూటరు గదిలో ఒక మూలను ఈ పనికై విడువవలయును. అందు నాలుగు పాత కంప్యూటర్లు, బయటి నెట్‌వర్కుతో సంబంధము లేక, తమలో తాము మాత్రమే కలుపబడి యుండవలయును. వానిని విప్పుటకు, చెడగొట్టుటకు, మఱల బాగుచేయుటకు విద్యార్థులకు పూర్ణానుమతి యుండవలయును. వారమునకు ఒక గంట, ఒక ఉపాధ్యాయుని యెదుట, తాము చదివిన మూలపాఠమును ఒకరికొకరు వివరించుకొనవలయును. ఐ.ఐ.టి. హైదరాబాదు వారి విద్యాలయము మన రహదారి మీదనే కందివద్ద నున్నది. అచ్చటి విద్యార్థులను ఏడాదికొక మాఱు పిలిచి మాటలాడించుట అసాధ్యము కాదు. వ్యయము స్వల్పము. చెడిపోవునవి పాత యంత్రములే గాని పిల్లలు కారు. విప్పి చూచుటకు న్యాయమైన చోటు ఇయ్యని పాఠశాల, అన్యాయమైన చోటును పిల్లవాడు తానే వెదకికొన్నప్పుడు మందలించుటకు ఏ ముఖము పెట్టుకొనును?